హాస్టల్ వెనక గోడ, ఎస్తేరు మేడం

తార్నాకలో మా సందు మలుపు దగ్గర కొత్త అపార్ట్‌మెంట్ ఒకటి లేస్తోంది. ఈ ఉదయం పాలకోసం వెళ్తుంటే, స్తంభాలకు చుట్టిన గోనెపట్టాల మీద ఒకామె పైపుతో నీళ్లు కొడుతోంది. తడిసిన గోనె, పచ్చి కాంక్రీటు కలిసిన ఆ వాసనకు నా కాళ్లు వాటంతటవే ఆగిపోయాయి. మిగతావాళ్లకు అది మామూలు వాసనే. నాకు మాత్రం ఎస్తేరు మేడం గుర్తొస్తారు. నూలు చీర, కాళ్లకు కాన్వాస్ బూట్లు, భుజానికి వేలాడే సంచిలో కొలిచే టేపు, గొడుగు, మధ్యాహ్నానికి జొన్నరొట్టె. మీరు ఆమెను చూసి ఉండరు. ఆమె పేరు ఏ శిలాఫలకం మీదా లేదు. అందుకే రాయాలనిపించింది.

మా ఇంటికి దగ్గర్లోని విశ్వవిద్యాలయంలో, భవనాల విభాగంలో నేను అసిస్టెంట్ ఇంజనీరుగా చేరినప్పుడు ఆమె మా పై అధికారి. మెదక్ వైపు పల్లెలో తాపీ పనికి వెళ్లే కూలీల బిడ్డ. చర్చి హాస్టల్లో ఉండి చదువుకున్నారు. బౌద్ధనగర్ నుంచి రోజూ మా అందరికంటే ముందే వచ్చేవారు. మాది కాకినాడ నుంచి నాన్న బ్యాంకు ఉద్యోగం మీద వచ్చి ఇక్కడ స్థిరపడ్డ కుటుంబం. ఎండలో నిలబడే ఉద్యోగం ఆడపిల్లకెందుకని అమ్మ గొణుగుతూనే ఉండేది. నిజం చెప్పాలంటే, ఆ గొణుగుడు సబబేనేమోనని నాకూ అప్పుడప్పుడు అనిపించేది.

చేరిన ఏడాదిలోనే పెద్ద పని తగిలింది. అమ్మాయిల హాస్టల్ వెనక ఎత్తైన మట్టి వాలు ఉంది. దాన్ని ఆపే పాత రాతిగోడ పొట్ట ఉబ్బి, ఒక వానకు సగం కూలింది. కింది అంతస్తు గదుల్లోకి మోకాలి లోతు బురద వచ్చింది. పిల్లలు ఆ సమయానికి తరగతుల్లో ఉండబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. దాని స్థానంలో కాంక్రీటు గోడ కట్టాలి. గీసే పని మేడం నాకు అప్పగించారు. వారం రోజులు కూర్చుని గీశాను. లెక్కలన్నీ రెండుసార్లు సరిచూసుకుని, కొంచెం గర్వంగానే ఆమె టేబుల్ మీద పరిచాను.

ఆమె చాలాసేపు చూసి, "మంచిగున్నది. నీళ్లు యాడికి పోతయి?" అన్నారు.

బొమ్మంతా వెతికాను. నీళ్లకు దారి ఎక్కడా గీయలేదు.

"గోడను మట్టి పడగొట్టదు శిరీషా. మట్టిల నిలిచిన నీళ్లు పడగొడతయి. కాయితం మీద వాన కురవది. వాన పడ్డనాడు పోయి వాలు మీద నిలబడు, నీళ్లు నీకే చెప్తయి."

ఆ వారమే వాన పడింది. గొడుగు పట్టుకుని వెళ్తే, ఆమె అప్పటికే అక్కడ ఉన్నారు. ఇద్దరం గంటసేపు నిలబడ్డాం. నీళ్లు నేననుకున్నట్టు వాలంతా సమానంగా దిగలేదు. పైనున్న బండ పక్కగా చేరి, ఒక్కచోటుకే వచ్చి పడుతున్నాయి. తిరిగొచ్చి బొమ్మ మళ్లీ గీశాను. ఈసారి గోడ వెనక నిలువునా కంకర పొర, నీళ్లు బయటికి రావడానికి గోడ పొడవునా వరుసగా తూట్లు, ఆ నీళ్లను మోసుకుపోయే కాలువ వచ్చాయి. మేడం సంతకం పెట్టి, "ఇప్పుడు కట్టేటోన్ని వెతుకుదాం" అన్నారు.

టెండరుకు వచ్చినవాళ్లలో ఇద్దరు మిగిలారు. ఒకాయన తక్కువ రేటు వేసి, రంగు ఫొటోలున్న లావుపాటి ఫైలు ఇచ్చాడు. రెండో మనిషి మల్లేశం. నాలుగు కాగితాలు పిన్ను కొట్టి తెచ్చాడు. తక్కువ వేసినాయనకే ఇచ్చెయ్యమని పైనుంచి ఒత్తిడి వచ్చింది. పాత పనులు పరీక్షించాకే ఇవ్వాలన్న నిబంధన మేడం వేలు పెట్టి చూపించారు. "ఫొటోలల్ల గోడ వెనక ఏమున్నదో కనబడదు" అని నన్ను వెంటబెట్టుకుని ఆటో ఎక్కారు.

మొదటాయన గోడ మౌలాలిలో, గుట్ట వాలున ఉంది. చూడడానికి నున్నగా, అద్దంలా ఉంది. తూట్లు కూడా వరుసగా ఉన్నాయి. మేడం పక్కింటామెను అడిగి చీపురుపుల్ల తీసుకుని ఒక తూటులో పెట్టారు. నాలుగు వేళ్లంత పోయి ఆగిపోయింది. ఇంకో దాంట్లో పెట్టారు. అదీ అంతే. పైపు ముక్కలు గోడ ముఖానికి అతికించి వదిలేశారు. వెనకదాకా ఒక్కటీ పోలేదు. ఆ పక్కింటామె ఏం తెలియక, "ఎన్నడు గూడ ఒక్క చుక్క కారలేదమ్మా, అంత గట్టి గోడ" అంది. మేడం ఆమెకు నెమ్మదిగా విషయం చెప్పి, ఎవరికి ఫిర్యాదు చెయ్యాలో కాగితం మీద రాసిచ్చి గానీ కదల్లేదు.

మల్లేశం గోడ కాచిగూడలో ఒక లాడ్జి వెనక ఉంది. మేం రమ్మనకపోయినా తనూ వచ్చాడు. తూట్లలో పుల్ల మోచేతిదాకా పోయింది. నేను తృప్తిగా నోట్ చేసుకుంటుంటే అతనే మమ్మల్ని ఓ మూలకు తీసుకెళ్లాడు.

"గీడ చూడుండ్రి మేడం. సన్నగ పగిలింది. ఎండకాలం పోసిన. తడి సరిగ పెట్టలే. తొందరపడ్డ."

"మేం అడగలే గద, ఎందుకు చెప్తున్నవ్?" అన్నారు మేడం.

"రేపు మీరే చూసి అడిగితే సిగ్గుపోతది. ఇప్పుడైతే పది దినాలు తడి గోనెపట్టా తియ్యను."

తిరిగొచ్చేటప్పుడు బస్సులో మేడం ఒక్క మాటే అన్నారు: "తన పగులు తానే చూపెట్టెటోడు దొరుకుడు కష్టం." మర్నాడు మౌలాలిలో చూసినదంతా నివేదికగా నా చేత రాయించి, కింద తన సంతకం పెట్టి పైకి పంపారు. ఆ సంతకం వల్ల ఆమె ఎన్ని మాటలు పడ్డారో నాకు తర్వాత తెలిసింది. పని మాత్రం మల్లేశానికే వచ్చింది.

ఇక నేను చేసిన తప్పు సంగతి. పునాది తవ్వారు. గోడలోకి నిలువుగా లేచే కడ్డీలు పునాదిలోనే కట్టి నిలబెట్టారు. ముందురోజు సాయంత్రం నేను వెళ్లి ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి, ఎడం కొలిచి, సరేనన్నాను. తెల్లారి పునాదికి కాంక్రీటు పోయాలి. కలిపిన కాంక్రీటు తెచ్చే రెడీమిక్స్ లారీ గేటు దగ్గరికి వచ్చింది. నేను వాలు మీద నుంచి దిగుతూ చూశాను. మట్టి తోపును తట్టుకోవాల్సిన లావు కడ్డీలు మట్టి వైపు ఉండాలి. అవి హాస్టల్ వైపు ఉన్నాయి. బొమ్మలో నేను "లోపలి వైపు" అని రాశాను. నాకు లోపల అంటే మట్టి. కట్టినవాళ్లకు లోపల అంటే హాస్టల్ ఆవరణ.

నోరు మూసుకుని ఉంటే ఎవరికీ తెలియదు. కాంక్రీటు పడితే అంతా కప్పుకుపోతుంది. ఆ ఆలోచన నాకు రాలేదని అబద్ధం చెప్పను. అప్పుడే కింది అంతస్తు కిటికీలో ఒకమ్మాయి తల దువ్వుకుంటూ కనిపించింది. పరుగెత్తుకెళ్లి లారీని ఆపి, మేడానికి ఫోన్ చేశాను.

ఆమె వచ్చేసరికి జనం పోగయ్యారు. మా విభాగం పెద్దాయన కూడా కారు దిగాడు. "ఎవరిది ఈ నిర్వాకం?" అని అరిచాడు. నేను నోరు తెరవబోయాను. మేడం ముందుకొచ్చారు.

"తప్పు నాది సార్. బొమ్మ మీద సంతకం నాది. లోపల అంటే ఏ లోపలని అడగాల్సింది నేను. అడగలే."

వెంటనే మల్లేశం వైపు తిరిగారు. "సైకిల్ స్టాండ్ నేల చదునుచేసి పెట్టినం గద. లారీ గాడికి తిప్పు. కాంక్రీటు గట్టిపడకముందే పొయ్యాలె. కడ్డీలు ఎన్ని దినాలల్ల మార్చి కడ్తవ్?"

"రెండు దినాలు మేడం. వానలు దగ్గరపడ్డయి, నేనూ కూసుంట పనిల."

అందరూ వెళ్లాక ఆమె రొట్టె సగం తుంచి నాకిచ్చారు. "మేడం, అది నా తప్పు. మీరెందుకు..." అన్నాను.

"నీదే. నాకు తెల్వదా?" అని నవ్వారు. "తప్పు అందరం చేస్తం. లారీ గేటు కాడికి వచ్చినంక ఆపినవ్ చూడు, గది అందరు చెయ్యరు. పో, బొమ్మల 'లోపలి వైపు' కొట్టేసి 'మట్టి వైపు' అని రాయి."

రాశాను. ఆ ఎర్ర సిరా దిద్దుబాటు ఉన్న కాపీ ఇప్పటికీ నా దగ్గర ఉంది.

ఆ వానాకాలం మూడు రోజులు విడవకుండా కురిసింది. మూడో ఉదయం మేడం ఫోన్ చేసి, "గోడ కాడున్న, రా" అన్నారు. తూట్లన్నిటి నుంచీ నీళ్లు దూకుతున్నాయి. ఆమె ఒక ధార కింద దోసిలి పట్టి నాకు చూపించారు. బురద లేదు, తేటగా ఉన్నాయి. అంటే మట్టి వెనకే ఆగింది, నీళ్లే బయటికి వస్తున్నాయి. కింది గదుల గుమ్మాల్లో పిల్లల చెప్పులు పొడిగా ఉన్నాయి. ఒకమ్మాయి వరండాలోంచి, "ఈ గోడ మీరే కట్టించారా మేడం?" అని అడిగింది.

"కట్టింది మల్లేశం, ఆయన మనుషులు. గీసింది ఈమె" అన్నారు ఆవిడ. తన పేరు చెప్పుకోలేదు. నేను అంత నిటారుగా ఎప్పుడూ నిలబడలేదు.

మేడం పదవీ విరమణ చేసిన కొన్నేళ్లకు పోయారు. బౌద్ధనగర్‌లో ప్రార్థన కూటానికి వెళ్తే, చర్చి నిండా తాపీ మేస్త్రీలు, ప్లంబర్లు, కడ్డీలు కట్టేవాళ్లు. ఒక్కొక్కరూ లేచి మాట్లాడారు. ఫలానా రోజు మేడం నా కోసం మాట పడ్డదని ఒకరు, నా తప్పు తన నెత్తిన వేసుకున్నదని ఇంకొకరు. ఆ రోజు నా కోసమే అలా నిలబడ్డారనుకుని అన్నేళ్లూ లోలోపల మురిసిపోయాను. నా ఒక్కదాని కోసమే కాదని తెలిసినప్పుడు ఆ మురిపెం తగ్గలేదు, ఇంకా పెరిగింది.

ఇప్పుడు ఆమె చేసిన ఉద్యోగంలో నేనున్నాను. ఊళ్లో ఎక్కడ పని చూడ్డానికి వెళ్లినా, పాత మేస్త్రీలు ఎవరి దగ్గర పని నేర్చుకున్నారమ్మా అని అడుగుతారు. ఎస్తేరు మేడం దగ్గర అంటాను. వెంటనే ఎవరో ఒకరు కుర్చీ తుడిచి నా ముందు వేస్తారు. ఆ కుర్చీ నాకు వేసింది కాదని తెలుసు. కూర్చునే ముందు ప్రతిసారీ, ఈ రోజు దానికి తగిన పని చేశానా అని ఒక్క క్షణం ఆలోచిస్తాను. చేశాననిపించిన రోజున కూర్చుంటాను.