ఎర్త్ ఉందా?

మా ఏలూరులో ఫ్రిజ్ తలుపు పట్టుకుంటే చెయ్యి జిల్లుమన్నా, గ్రైండరు ముట్టుకుంటే చురుక్కుమన్నా అందరూ ఒకటే మాట అంటారు: "ఎర్త్ వస్తోంది." షాకు కొట్టకుండా కాపాడే వైరు పేరే షాకుకి పెట్టేశారు. మా ఆవిడా అంతే. మోటారు వైండింగ్ కొట్టు నడిపేవాడి ఇంట్లో కూడా ఇదేం మాట అని విసుక్కునేవాణ్ని. "మీకు అర్థమైందిగా, ఇంకేం కావాలి?" అనేది. నిజమే, నాకెప్పుడూ అర్థమయ్యేది. ఆ ఒక్క శుక్రవారం తప్ప.

సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే అందరి చేతుల్లోకీ వస్తున్న రోజులు. కైకలూరు అవతల ఒక చేపల చెరువు గట్టు మీద పాక వేసుకుని ఒక జంట కాపలా ఉండేవాళ్లు. మేత వేయడం, నీళ్లు పెట్టడం, అంతా వాళ్లే. ఆ చెరువులో పాత ఇనప పడవ ఒకటుంది, ఒళ్లంతా అతుకులే. నీళ్లు తోడే మోటారు దాని మీదే బిగించాను. మోటారు బాడీ నుంచి పడవ ఇనుముకీ, అక్కణ్నుంచి గట్టులోకి దింపిన పైపుకీ పచ్చ వైరు లాగాను. కరెంటు లీకైతే పడవంతా పాకకుండా భూమిలోకి పోవాలని. "ఈ ఎర్త్ వైరు ఉన్నంతకాలం మీకేం భయం లేదు" అని ఆయనకి చెప్పాను. ఆవిడ అటు దూరంగా మేత కలుపుకుంటోంది. ఆవిణ్ని పిలిచి చెప్పాలని నాకు తోచనే లేదు.

ఆ శుక్రవారం జుమ్మా నమాజుకి టైమైపోతోందని షట్టరు దించబోతుంటే చెరువు దగ్గర్నుంచి ఆవిడ ఫోను చేసింది.

"మేస్త్రీగారండీ, మోటారు నీళ్లు సరిగ్గా లాగట్లేదండీ. మా ఆయన్ని పడవెక్కి చూడమంటారా?"

"ఎర్త్ ఉందా?" అన్నాను.

"ఉందండీ. బాగా ఉంది."

"ఉంటే ఇంకేంటమ్మా, ఎక్కమనండి."

"ఎర్త్ ఉందంటున్నానండీ" అంది మళ్లీ, నెమ్మదిగా.

కోపం నాకు ముక్కు మీదే ఉంటుంది. చిర్రెత్తుకొచ్చింది. "ఉందనేగా నేనూ ఎక్కమంటున్నాను! ఒక్క మాట ఎన్నిసార్లు చెప్పాలమ్మా మీకు?" అని కసిరి ఫోను పెట్టేశాను. మోటారు కట్టేసి ఎక్కమనండి అన్న ముక్క కూడా నా నోటినుంచి రాలేదు.

నమాజు చేసుకుని వచ్చేసరికి చెరువు యజమాని ఫోను. "మా మనిషికి పడవ మీద కరెంటు కొట్టిందండీ. ఏలూరు ఆసుపత్రికి తెస్తున్నాం. ఎర్త్ ఉందని ఆవిడకి ముందే తెలుసంటండీ. తెలిసీ ఎక్కించిందంట, ఏం మనిషో!"

అప్పుడర్థమైంది నాకు. యా అల్లా! ఆవిడ నాకు రెండుసార్లు చెప్పింది. రెండుసార్లూ షాకు కొడుతోందనే చెప్పింది.

ఆసుపత్రికి పరిగెత్తాను. ప్రాణానికి భయం లేదన్నారు గానీ, వల విసిరే కుడిచెయ్యి మళ్లీ పనిచేస్తుందో లేదో చెప్పలేమన్నారు. గట్టుకి కొత్త మట్టి వేసినప్పుడు నా పచ్చ వైరు ఎక్కడో తెగిందని యజమాని చెప్పాడు. వరండాలో దెబ్బతిన్నాయన తల్లి కోడల్ని తిట్టిపోస్తోంది. "ఎర్త్ ఉందని తెలిసి తెలిసి నా కొడుకుని ఎక్కించావు కదే!" కోడలు గోడకి ఆనుకుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. ఫోనులో నేనేమన్నానో ఎవరికీ చెప్పలేదు. నన్ను చూసి కూడా చెప్పలేదు. నేనూ అలాగే నోరు మూసుకుంటే పోతుంది కదా అనిపించింది. సిగ్గులేని మనసు, అనిపించింది.

"ఆవిణ్నేమీ అనకండమ్మా, ఎక్కమన్నది నేను" అన్నాను. ఎర్త్ అంటే నేనేమనుకున్నానో, ఆవిడేం చెప్పిందో తడబడుతూ చెప్పుకొచ్చాను. పెద్దావిడ నా మొహం వంక జాలిగా చూసింది. "మీరు మంచోరండీ, దాని తప్పు మీ మీదేసుకుంటున్నారు" అంది. నా తప్పు నాకివ్వడానికి కూడా వాళ్లకి మర్యాద అడ్డొచ్చింది.

అప్పుడు కోడలు కొంగు తీసి నావైపు చూసింది.

"మీరు కోప్పడేసరికి, నా చెయ్యి జిల్లుమన్నది కూడా అబద్ధమేమో అనుకున్నానండీ. ఆయన వద్దంటూనే ఉన్నారు. అన్నీ తెలిసినాయన చెబుతుంటే మీకేంటని, నేనే గదిమి ఎక్కించానండీ."