చూసినవాళ్ళు కూర్చోవాలి

ఈరోజు సాయంత్రం నందిగామ బస్టాండు ఎదుటి కూరగాయల కొట్లో, ప్లాస్టిక్ కాగితం చుట్టిన పుట్టగొడుగుల డబ్బా తీసుకుని అలవాటుగా తిరగేసి చూస్తున్నాను. పక్కనున్నావిడ "పాడైపోయినాయా అండీ?" అని అడిగింది. "లేదండీ, వీటిది ఏ ఇంటిపేరో చూస్తున్నా" అన్నాను. ఆవిడ నవ్వింది. నేను అంతటితో ఆగాల్సింది. ఆవిడ ఎక్కాల్సిన ఆటో వెళ్ళిపోయేదాకా గొడుగుల వంశవృక్షం చెప్పాను. ఒకప్పుడు కొట్టు అతన్ని కొత్తిమీర అడగాలన్నా ముందు మనసులో ఒకసారి అనుకుని చూసుకునేదాన్ని. డైరీలో పేజీలు నిండేవి గానీ నోరు పెగిలేది కాదు.

అది మారడానికి కారణం జగ్గయ్యపేటలో ఉండే మా మేనత్త. నేను బోటనీ ఎమ్మెస్సీ చదువుతుండగా ఒక ఏడాది పరీక్షలు వాయిదా పడి, సెలవులు వానల్లోకి జరిగాయి. అత్త దగ్గరికి వెళ్ళాను. వాళ్ళకి గరికపాడు దారిలో చిన్న చేను, చేను గట్టున నాగలి తగలనివ్వకుండా కాపాడుకున్న ఒక చెదపుట్ట ఉన్నాయి. బాగా ఉరిమి వాన పడ్డ మర్నాడు ఇంటిల్లిపాదీ అక్కడికి వెళ్ళేవాళ్ళం. అత్త పెట్టిన నియమం ఒకటే: గొడుగు కనబడితే కేకెయ్యకూడదు, వేలు చూపకూడదు. చూసినవాళ్ళు దాని పక్కన చప్పుడు చెయ్యకుండా కూర్చోవాలి. మిగతావాళ్ళు చూసి వస్తారు. మాట వినబడితే గొడుగులు మళ్ళీ భూమిలోకి దిగిపోతాయట. "మరి హైవే మీద లారీల మోతకి దిగిపోవా?" అని మావయ్య అడిగేవాడు. ఆయన హైస్కూలు టీచరు, గొంతు కూడా స్కూలంత పెద్దది. "వాటికి అలవాటైపోయింది. భయమంతా మీ గొంతుకే" అనేది అత్త. నాకు మాత్రం ఆ చేను స్వర్గం. "మాట్లాడవేంటమ్మా?" అని ఎవరూ అడగని ఒకే ఒక్క చోటు అది.

అత్త గొడుగుని కోసేది కాదు. కర్రతో మెల్లగా మట్టి తవ్వి, వేరులా కిందికి దిగిన పొడుగాటి తోకతో సహా పైకి తీసేది. తోక లేనిదాన్ని బుట్టలో వేసేది కాదు. ఆ తోక ఎక్కడికి వెళ్తుందో నేను పుస్తకాల్లో చదువుకున్నాను. పుట్ట అడుగున చెదపురుగులు ఎండుటాకుల్ని నమిలి స్పంజిలాంటి గూళ్ళు కట్టి, వాటి మీద ఈ గొడుగుల్ని మొలిపించే బూజుని పెంచుతాయి. ఆకుల్ని అది అరిగిస్తే ఇవి తింటాయి. మనిషి అనేవాడు పుట్టకముందే ఆఫ్రికా అడవుల్లో మొదలైన సేద్యం ఇది. ఆనాడు చెదలు చేరదీసిన ఒక్క బూజు సంతానమే ఈ గొడుగులన్నీ. వాటిలో పళ్ళెమంత వెడల్పువీ ఉన్నాయి, చొక్కా గుండీ అంతవీ ఉన్నాయి. ఇదంతా నాకు తెలుసని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

ఒక ఆదివారం మావయ్య అన్నగారి కుటుంబం భోజనానికి వస్తోంది. అత్తకి మోకాలు నొప్పి. మావయ్య ఒక్కడే బండి మీద వెళ్ళి, తెల్లవారేసరికి సంచీ నిండా తెల్లటి పెద్ద గొడుగులు తెచ్చాడు. "చూశావా, కొడవలితో కోసా. మట్టన్నది లేదు. పుట్ట పక్కన గడ్డిలో గుంపుగా మొలిచి ఉన్నాయి. పుట్ట మీద బియ్యప్పిండి చల్లినట్టు బుల్లివి ఉంటే, కుక్కగొడుగులని వదిలేసా." పుట్ట దగ్గర మొలిచినవన్నీ చెదలు పెంచినవే అనుకున్నాడు పాపం. మట్టి అంటని కూర దొరికిందన్న సంతోషంలో అత్త కూడా తోక మాట మరిచిపోయింది.

నేను ఒక గొడుగు తీసి చూశాను. కాడ చుట్టూ ఉంగరంలాంటి పట్టీ ఉంది. వేలితో తోస్తే పైకీ కిందికీ జరిగింది. చెదలు పెంచిన గొడుగులకి అలా జరిగే పట్టీ ఉండదు. గొడుగుని తెల్లకాగితం మీద బోర్లించి పైన గిన్నె మూసిపెట్టాను. చెదలు పెంచినవైతే రాలే పొడి లేత గులాబీ రంగులో ఉండాలి. చుట్టాలు వచ్చి ముందుగదిలో కబుర్లలో పడ్డాక గిన్నె ఎత్తాను. కాగితం మీద ఆకుపచ్చ పొడి రాలి ఉంది. తిన్నవాళ్ళని వాంతులతో ఆస్పత్రికి పంపే జాతి అది. రూపం ఒకటే గానీ చెదల గొడుగులకి అది ఏ చుట్టమూ కాదు.

వంటింట్లో ఉల్లిపాయలు వేగుతున్నాయి. పెద్దమావయ్యగారు "వాసనకే ఆకలి దంచేస్తోందమ్మా" అంటున్నారు. చెబుదామని వెళ్ళాను. గుమ్మం నిండా మనుషులు. నోరు తెరిచాను, మాట రాలేదు. అత్త గొడుగుల పళ్ళెం అందుకోబోతోంది. ఏం చెయ్యాలో తోచక, నేరుగా వెళ్ళి ఆ పళ్ళెం పక్కన నేల మీద చప్పుడు చెయ్యకుండా కూర్చున్నాను.

అత్త చెయ్యి ఆగిపోయింది. నన్ను చూసింది, పళ్ళేన్ని చూసింది. పొయ్యి ఆపేసింది. "ఏం కనబడిందే?" అంది మెల్లగా.

అంతే, నాకు మాట వచ్చింది. పట్టీ, పచ్చపొడి, చెదల సేద్యం, ఆఫ్రికా, అన్నీ ఒక్క ఊపిరిలో చెప్పేశాను. నేను ఆగాక మావయ్య అన్నాడు: "ఒసేవ్ కోడలా, నీకు గొంతుందని ముందే చెబితే ఇన్ని రోజులు నా క్లాసులు నీకిచ్చేవాణ్ణి కదే!" పెద్దమావయ్యగారు "నువ్వు మా అందరికీ విషం కలపబోయావన్నమాట" అంటే, "నీకొక్కడికేలే అన్నయ్యా. మిగతావాళ్ళకి పప్పు ఉంది" అన్నాడు మావయ్య. "తోక లేదని నాకన్నా గుర్తు రావద్దూ!" అని అత్త తల పట్టుకుంది.

ఆ గొడుగుల్ని గొయ్యి తీసి పూడ్చి, పప్పన్నం తిని, సాయంత్రం అత్తని బండి ఎక్కించి అందరం చేనికి వెళ్ళాం. పుట్ట మీద ఆ బుల్లివి తెల్లగా పరుచుకుని ఉన్నాయి. అవే అసలు కుటుంబం. చెదలు తమ గూటి ముక్కల్ని బయటికి మోసుకొచ్చి పడేస్తే వాటి మీద మొలుస్తాయి కాబట్టి వీటికి పొడుగు తోక అక్కర్లేదు. అత్త ఒకటి తీసి వాసన చూసింది. "అయ్యో, మా అమ్మ వండేవి ఇవే! ఒక్కొక్కటీ కడగలేక చచ్చి నేనే కుక్కగొడుగులని పేరు పెట్టి మానేశా" అంది. పొడి రంగు గులాబీయేనని నేను చూసి చెప్పాకే కూర వండింది. మావయ్య గిన్నె గీకాడు.

కాఫీలోకి కూడా పంచదార అడిగి వేయించుకోలేని నేను ఇప్పుడు కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. పుట్ట కింద బూజు కంటికి కనబడకుండా ఎంతకాలం ఉంటుందో పైనున్నవాళ్ళకి తెలియదు. ఒక వానకి పైకి వస్తుంది. మనం మాత్రం అది రాత్రికి రాత్రే మొలిచిందనుకుంటాం.