రత్నం పిన్ని చెప్పిన సాక్ష్యం

నిన్న పొద్దున ఫోన్ వచ్చింది. రత్నం పిన్ని ఇక లేదట.

మొన్న ఆదివారమే మాట్లాడాను. కాస్త జ్వరం వచ్చి తగ్గిపోయిందని చెప్పింది.

ఆ మాటకే నాకు భయం వేసింది. పిన్ని జ్వరం ‘తగ్గడం’ ఏమిటో నాకు తెలుసు.

ఎనభైల చివర్లో ఖరగ్‌పూర్ సుభాష్‌పల్లిలో వాళ్లింట్లో ఉండి కాలేజీకి వెళ్లేదాన్ని. పిన్నికి జ్వరం పట్టుకుంది. చర్చి సంఘం వాళ్లొచ్చి ప్రార్థన చేశారు. తెల్లారేసరికి ఒళ్లు చల్లబడింది. ఆదివారం తెలుగు చర్చిలో లేచి నిలబడి, దేవుడు నా జ్వరం తీసేశాడని సాక్ష్యం చెప్పింది.

సాయంత్రానికి మళ్లీ వణుకు.

ఇక అప్పటినుంచి దాచడమే. ఎవరైనా వస్తున్నారంటే ముందే పారాసెటమాల్ మింగేది. వాళ్లొచ్చేసరికి చెమట పట్టి, నుదురు చల్లబడి, నవ్వుతూ టీ ఇచ్చేది.

వాళ్లు వెళ్లాక దుప్పట్లు కప్పినా పళ్లు టకటకలాడేవి.

బాబాయికి చెప్తానంటే నా చెయ్యి పట్టుకుంది.

"అందరి ముందూ సెప్పీసినాను గదే. మళ్లీ వచ్చిందంటే దేవుడికే సెడ్డపేరు."

కళ్లు పచ్చబడ్డాక మాత్రం చెప్పేశాను. బాబాయి రైల్వే వర్క్‌షాప్ నుంచి పరుగున వచ్చాడు.

మలేరియా.

బెంగాలీ డాక్టర్ చెప్పింది ఇప్పటికీ మర్చిపోలేదు. లోపల పురుగు ఉంటే ఒంటి వేడి పెంచమని మెదడుకి కబురు అందుతుందట. ఆ కబురు తయారు కాకుండా మాత్ర ఆపుతుంది. కొన్ని గంటలు జ్వరం దిగుతుంది, నొప్పులు తగ్గుతాయి. పురుగు జోలికి మాత్రం పోదు. అది లోపల తన పని తాను చేసుకుంటూనే ఉంటుంది.

పైగా మింగిన మాత్రల్ని లివరే అరిగించాలి. మోతాదు మించితే అక్కడే విషం పుడుతుంది.

పిన్ని బతికింది. మా అందరి పెళ్లిళ్లకీ చేపల పులుసు వండింది. ఆ అలవాటు మాత్రం పోలేదు. ఏ నొప్పొచ్చినా ముందు మాత్ర, తర్వాత నవ్వు.

ఆదివారం ఫోన్లో అడిగాను, మాత్ర వేసుకున్నావా అని.

"ఏటీ లేదే. తగ్గిపోనాది" అంది.

నిన్న సాయంత్రం ఖరగ్‌పూర్ చేరాను. తలగడ కింద పారాసెటమాల్ ఖాళీ అట్టలున్నాయి. నుదురు ముట్టుకుంటే చల్లగా ఉంది. చాలాసేపు చెయ్యి తియ్యలేదు, మళ్లీ వేడెక్కుతుందేమోనని.

వేడెక్కలేదు.

పిన్నీ, ఇక ఎవరికీ సాక్ష్యం చెప్పనక్కర్లేదు. ప్రభువు దగ్గర నిశ్చింతగా పడుకో.