మా అత్త గడ్డిగది

మా అత్త పోయిన శుక్రవారం పొద్దున నంద్యాల ఆసుపత్రిలో కన్నుమూసింది. జ్వరమని బుధవారం చేర్పించాం, చివరికి గుండె ఆగిపోయిందన్నారు. ఫోన్ చేసిన నా భర్తను, చివర్లో ఏమైనా అన్నదా అని అడిగాను. అన్నదట. "ట్రేలకు నీళ్లు తిరుగుతాండాయో లేదో చూడమని నీ పెండ్లానికి చెప్పు." నేను ఏడుస్తూనే నవ్వాను.

ట్రేలంటే ఏమిటో మీకు చెప్పాలి. ఆళ్లగడ్డకు దగ్గర్లో మా ఊరు. మా పెరట్లో బర్రెల కొట్టం పక్కన, ఆకుపచ్చ నెట్టు కట్టిన చిన్న గది ఒకటి ఉంది. అందులో పిడికెడు మట్టి కూడా ఉండదు. పైపులతో చేసిన అరల మీద ప్లాస్టిక్ ట్రేలు, వాటి నిండా మొలకెత్తిన మొక్కజొన్న గింజలు. చిన్న మోటారు పైనుంచి సన్నగా నీళ్లు చల్లుతుంది. కారిన నీళ్లు గొట్టంలోంచి దిగి, ఇసుక, బొగ్గు, గులకరాళ్లు నింపిన డ్రమ్ములో వడకట్టుకుని, తిరిగి ఆ మోటారుకే చేరతాయి. వారం తిరిగేసరికి జానెడు ఎత్తు పచ్చగడ్డి వేళ్లతో అల్లుకుని చాపలాగా పైకి లేస్తుంది. దాన్ని చుట్ట చుట్టి బర్రె ముందు వేస్తే వేరుతో సహా నమిలేస్తుంది. ఊరంతా గడ్డిగది అనేవాళ్లు. మా అత్త మాత్రం "నా చేను" అనేది. నిలబడి చేతులు చాస్తే రెండు గోడలూ తగిలే చేను!

దాని పుట్టుక సుఖంగా జరగలేదు. నా పెళ్లయిన ఏడు ఎండాకాలం ముందే బోరు అడుగంటింది. ఇంటి అవసరాలకే నీళ్లు చాలడం లేదు, ఇక పశుగ్రాసం చేనుకు ఎక్కడివి? మా మామ కొట్టం ముందు నిలబడి, "గడ్డి లేదు, నీళ్లు లేవు. ఎనుముల్ని సంతకు తోలేద్దాం పా" అన్నాడు. ఆ మూడు బర్రెలనూ దూడలప్పటి నుంచి సాకింది మా అత్తే. ఆమె గొడవ పెట్టుకోలేదు. "ఈ ఒక్క ఎండాకాలం నాకిడ్సిపెట్టు. అప్పటికీ గడ్డి పుట్టకుంటే నేనే తోలుకపోతా" అంది. నంద్యాలలో పశువుల డాక్టరు ఒకాయన ఈ పద్ధతి నేర్పిస్తున్నాడని విని, మూడు రోజులు బస్సెక్కి వెళ్లొచ్చింది. సంతకం తప్ప రాయడం రాని మనిషి, డ్రమ్ములో ముందు ఇసుక పోయాలా బొగ్గు పోయాలా అని మా ఆయనతో వాదించి గెలిచింది.

నేను నంద్యాల టౌన్లో పెరిగినదాన్ని. కొత్త కోడలిగా వచ్చినప్పుడు కొట్టం దగ్గరకు పోవాలంటే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకునేదాన్ని. బంధువులు మూతి తిప్పుకునేవారు. మా అత్త మాత్రం నన్ను ఎగాదిగా చూసి, "ఈ పిల్లకు ముక్కు బాగా పనిజేస్తాది. నా చేనుకు ఇట్లాంటి ముక్కే కావాల" అంది. వెక్కిరిస్తోందనుకున్నాను. నిజంగానే మరుసటి రోజు నుంచి నన్ను గదిలోకి తీసుకుపోయింది.

ఆ గదికి శత్రువు బూజు. మొలకల వేళ్లకు తెల్లటి నూగు వస్తుంది, అది మంచిదే. బూజూ తెల్లగానే ఉంటుంది. రెండూ చూడ్డానికి ఒకటే. "కంటిని నమ్మాకు మేయ్. వంగి వాసన చూడు" అనేది. వాసన తెలియకుండా పోతుందని పొద్దున గదిలోకి వెళ్లొచ్చేదాకా వక్కాకు ముట్టేది కాదు. చేతులు కడుక్కోకుండా ఎవర్నీ లోపలికి రానిచ్చేది కాదు. ప్రార్థన చేయడానికి వచ్చిన పాస్టరయ్యను కూడా గుమ్మం దగ్గర ఆపి చెంబు అందించింది. ఆయన నవ్వుకుంటూ మోచేతుల దాకా కడుక్కున్నాడు.

ఇక నా తప్పు గురించి. దాన్ని వదిలేసి మా అత్తను పొగిడితే ఆమె ఒప్పుకోదు.

గడ్డి బాగా వస్తోందని తెలిసి, అవుకు, సంజామల వైపు నుంచి కొందరు ఆడవాళ్లు చూడ్డానికి వస్తామన్నారు. వాళ్లు రావడానికి మూడు రోజుల ముందు ఒక ట్రే మూలన నాకు పులిసిన వాసన తగిలింది. మంది వచ్చే వేళకు ట్రే ఖాళీగా ఉంటే బాగుండదనిపించింది. ఆ మూల మటుకు కోసి పారేసి, పక్క గడ్డిని దగ్గరికి జరిపి, నోరు మూసుకున్నాను. ఆ మూడు రోజులూ మా అత్త కోతపనికి పోతూ గదిని నాకే వదిలింది.

వాళ్లు వచ్చే రోజు పొద్దున తలుపు తీయగానే మా అత్త ఆగిపోయింది. ఒక్కో ట్రే దగ్గరా వంగింది. అన్నిట్లోనూ అదే వాసన. వెనక్కి తిరిగి నా ముఖం చూసింది. చెప్పేశాను.

"బూజు పట్టడం తప్పు గాదు. దాచిపెట్నావే, అదీ తప్పు" అంది. గొంతు పెంచలేదు. "మట్టి చేన్లో ఒక మూల చెడితే ఆ మూలతోనే పోతాది. ఈడ అట్ల గాదు మేయ్. అన్నిటికీ తిరిగేది ఒకటే నీళ్లు. ఒక ట్రేలో నువ్వు దాచింది అన్ని ట్రేలూ తాగినాయి."

మా మామ గుమ్మంలోనే తల పట్టుకున్నాడు. "వాళ్లకు రావద్దని చెప్పు. పరువు పోతాది" అన్నాడు.

"బాగుండేది చూడాలంటే యాడికైనా పోతారు. చెడిపోయింది ఎవురు చూపిస్తారు? రానీ" అంది మా అత్త.

వాళ్లు వచ్చారు. చెడిన ట్రేలన్నీ ఎండలో వరసగా పెట్టించి, నన్ను ముందుకు తోసింది. "ఏం జరిగిందో నువ్వే చెప్పు. బళ్లో పిల్లోల్లకు చెప్తాండావు గదా, అట్ల చెప్పు." నేను ప్రైమరీ స్కూలు టీచర్ని. మూల కోసిన ట్రేను చేతిలోకి తీసుకుని మొదటి నుంచి చెప్పాను. అంతా విన్నాక అవుకు నుంచి వచ్చినామె, "నువ్వు చెప్పకుంటే మేమూ ఇంటికిపోయి మూల కోసేసి గమ్మునుండేవాళ్లమేమ్మా" అంది. అందరూ వంగి వాసన చూసి, గుర్తు పెట్టుకుని వెళ్లారు.

డ్రమ్ము కుమ్మరించి, ఇసుక మార్చి, ట్రేలు తోమి కొత్త గింజలు నానబెట్టాం. గడ్డి రావడానికి ఎనిమిది రోజులు. అంతవరకు బర్రెలకు పచ్చి పోచ లేదు. మా మామ సంత రోజు ఎప్పుడో వేళ్ల మీద లెక్కపెడుతున్నాడు. నా వల్ల ఆ మూడు బర్రెలూ పోతాయని అన్నం సయించలేదు. రెండో రోజు బస్సులో అవుకు నుంచి రెండు గడ్డి మోపులు దిగాయి. మరో రెండు రోజులకు సంజామల నుంచి జొన్నచొప్ప వచ్చింది. "చూపించినందుకే గదా వచ్చింది" అని మా మామను పొడిచింది మా అత్త. తొమ్మిదో రోజు మొదటి పచ్చచాపను భుజాన వేసుకుని కొట్టంలోకి మోసింది ఆయనే. సంత మాట మళ్లీ ఎత్తలేదు.

ఇప్పుడు సంజామలలో, అవుకులో, పాణ్యం దగ్గర ఇలాంటి గదులున్నాయి. ఆ ఆడవాళ్లంతా శనివారం సమాధుల తోటకు వచ్చారు. "మీ అత్త మాకు చెడిపోయిన గడ్డి చూపించి మేలుచేసింది" అని ఒకామె నా చేతులు పట్టుకుంది. మా అత్తకు కోడలినని చెప్పుకోవడానికి నాకు ఎంత గర్వంగా అనిపించిందో!

ఆదివారం గదిలోకి వెళ్లాను. రెండు రోజులుగా నీళ్లు తిరుగుతున్నాయో లేదో మాత్రమే చూశాను. ఏడ్చి ఏడ్చి ముక్కు మూసుకుపోయింది, వాసన ఎక్కడ తెలుస్తుంది? ఆ రోజు తెలిసింది. ఆసుపత్రికి పోయే ముందు రోజు మా అత్త పరిచిన ట్రేలో, ఒక మూల, అదే పులిసిన వాసన.

నా వెనకే వచ్చిన ఆడపడుచు ట్రే అంచు పట్టుకుంది. "మాయమ్మ చేత్తో పరిచిన ఆఖరి ట్రే వదినా. ఒక మూలే గదా. అంతవరకు కోసేసి మిగతాది ఉండనీ."

నాకూ ఉంచుకోవాలనే ఉంది. గింజల మీద మా అత్త వేళ్లు ఆడిన చోటది. కానీ ఆ గదిలో అన్నిటికీ తిరిగేది ఒకటే నీళ్లు. ముందు మోటారు ఆపాను. ట్రేను రెండు చేతులా ఎత్తి, ఇంటినిండా ఉన్న చుట్టాల ముందునుంచే మోసుకెళ్లి పెంటదిబ్బలో బోర్లించాను. మిగతా ట్రేలు ఒక్కొక్కటీ వాసన చూశాను, వాటికి ఏమీ కాలేదు. డ్రమ్ము వంచబోతే బరువుకు కదల్లేదు. మా మామ వచ్చి రెండో పక్క పట్టాడు.

ఆ సాయంత్రమే కొత్త గింజలు నానబెట్టి, మరునాడు తడి గోనెలో కట్టాను. ఈ రోజు పొద్దున మూట విప్పితే గింజలన్నిటికీ తెల్లటి మొనలు వచ్చాయి. కొట్టంలో బర్రెలు మెడలు చాచి చూస్తున్నాయి.

"ఎట్లుండాదమ్మా?" అని మా మామ అక్కడి నుంచే అడిగాడు.

కొంగు పక్కకు తీసి, వంగి, గోనెలో ముఖం పెట్టాను. తడిసిన మొక్కజొన్న వాసన తప్ప ఇంకే వాసనా లేదు.