రెండు పీరియడ్లకోసారి

ఆరో తరగతికి వచ్చినా నాకు మూత్రం ఆగేది కాదు. వస్తున్నట్టు తెలిసేలోపే లంగా తడిసేది. బొగ్గుబాయి దవాఖానాలో ఇచ్చిన గోళీలు నెలల తరబడి మింగితే నోరు ఎండిపోయింది గానీ లంగా తడవడం మానలేదు.

ఇంట్లో కనిపెట్టిన వైద్యం ఇంకా ఘోరం. నాకు నీళ్ళు బంద్! అదీ మా బాయి కాలనీ ఎండల్లో. నాన్న డ్యూటీ దిగొచ్చి చెంబెడు నీళ్ళు గటగటా తాగుతుంటే గుడ్లప్పగించి చూసేదాన్ని. "ఆడపిల్ల, పరువు పోతది. బడి మాన్పియ్యిండ్రి" అని నాయనమ్మ ఒకటే పోరు.

అమ్మ ఊరుకోలేదు. నన్ను మళ్ళీ దవాఖానాకు ఈడ్చుకుపోయింది. కొత్తగా వచ్చిన డాక్టరమ్మ గోళీలు ఆపేసింది. "నీళ్ళు బంద్ చేసిందెవరు? మంచిగ తాగనియ్యిండ్రి. మూత్రం చిక్కబడితే ఇంకా తొందరపెడ్తది. వచ్చినా రాకపోయినా బడిల రెండు పీరియడ్లకోసారి పోవాలె. జల్దీ తగ్గదు, ఓపిక పట్టాలె" అంది.

మర్నాడు రెండో బెల్లుకు లేచి నిలబడ్డాను.

"వస్తుందా?" అన్నాడు లెక్కల సారు.

"లేదు సార్."

"మరెందుకు పోవుడు?"

"రాకముందే పోవాల్నంట సార్."

క్లాసంతా పగలబడి నవ్వింది. "నాటకాలా? కూసో" అన్నాడు. కూర్చున్నాను. ఆ పీరియడ్ అయ్యేలోపే బెంచీ తడిసింది. సిగ్గుతో చచ్చిపోవాల్సింది, నాకేమో ఒళ్ళు మండిపోయింది. డాక్టరమ్మ పొమ్మంటే ఈయన ఆపేదేంది!

"నే చెప్పలే? ఇగ బడి వద్దు" అంది నాయనమ్మ. అమ్మ నా లంగా దండెం మీద ఆరేస్తూ, వాడంతా వినబడేట్టు, "పోతది. నీళ్ళు తాగే పోతది" అని అరిచింది. పొద్దున్నే, నాన్న బాయిలోకి తీసుకుపోయే నీళ్ళ సీసా నా భుజాన తగిలించింది.

రెండో బెల్లు మోగింది. సీసా ఎత్తి తాగాను, లేచాను.

"మళ్ళ ఏందే? పొమ్మన్ననా నిన్ను?" అన్నాడు సారు.

"అడుగుతలేను సార్. చెప్తున్న."

బడి వెనక టేకుచెట్ల చాటుకు నడిచాను. వెనక్కి చూడలేదు. "రేపటిసంది బడికి రాకు!" అని గుమ్మంలోంచి అరిచాడు. తడవడం తగ్గడానికి ఏడాది పట్టింది, అది తర్వాతి సంగతి. ఆ రోజు మాత్రం పొడి లంగాతో ఇంటికెళ్ళాను.

మర్నాడూ బడికి వెళ్ళాను, సీసా నిండా నీళ్ళతో.