ఒళ్లో ఆటో స్టార్టర్

కర్నూలు నుంచి కడపకు పోయే బస్సులో నా పక్కన కూర్చున్న అక్క, ఒళ్లో ఒక ఇనుప డబ్బాను చంటిబిడ్డలా పట్టుకుంది. కరెంటు రాగానే బోరు మోటారును దానంతటదే ఆన్ చేసే ఆటో స్టార్టర్ అది.

“రిపేరుకా అక్కా?” అన్నాను.

“కాదబ్బీ. కడపలో మా చెల్లెలింట్లో దాచేకి పోతాండా. మా ఆయనకు దొరక్కుండా.”

మొగుడికి దొరక్కుండా నగలు దాచేవాళ్లను చూశాను గానీ, ఇది కొత్త.

వాళ్ల ఊళ్లకు కరెంటిచ్చేది రైతులే సభ్యులుగా ఉన్న సొసైటీ అట. ఆమధ్య కరెంటు వచ్చీ రాగానే అందరి మోటార్లూ ఒక్కసారే లేచి, ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. తడి లేక వేరుశనగ సగం ఎండింది. ఇక ఈ డబ్బాలు పీకేసి, వంతులవారీగా మోటార్లు వేసుకుందామని మీటింగులో తీర్మానించారు.

“చెయ్యెత్తినోళ్లలో మా ఆయనే ముందు. మర్నాడే మళ్లా బిగిచ్చినాడు. ఇంకోసారి కాలితే ఉన్న సగం చేనూ పాయె.”

“సొసైటీ వాళ్లు ఊరుకుంటారా?”

“సొసైటీ వాళ్లంటే ఎవరప్పా? మేమే గదా! లాభం తినేటోడూ లేడు, తిట్టుకునేకి ఇంకోడూ లేడు.”

అంతలో ఆమె ఫోను మోగింది. “డబ్బా యాడుండాదే?” అన్న కేక నాకూ వినబడింది.

ఆమె డబ్బాను తీసి నా ఒళ్లో పెట్టి, “నా దగ్గర లేదు. దేవుని తోడు,” అంది.

మా ఊళ్లోనూ ఒకే ట్రాన్స్‌ఫార్మర్ మీద బోలెడు బోర్లున్నాయి. ఆసారి నేను ఇంటికి పోయొచ్చినప్పటి నుంచీ మా నాయన మా ఆటో స్టార్టర్ కోసం వెతుకుతూనే ఉన్నాడు. అది కర్నూల్లో, నా హాస్టల్ మంచం కింద ఉంది. ట్రాన్స్‌ఫార్మర్ క్షేమం.