చిన్నమ్మ చెప్పిన సాక్ష్యం

మొన్న ఆదివారం మా మందిరంలో, కొత్తగా వచ్చిన కుర్ర పాస్టరుగారు గోడ మీద తెర దించి, నిజమైన రక్షణకు గుర్తులేమిటో రంగురంగుల అక్షరాల్లో ఒక్కొక్కటే చూపిస్తూ, ఇవి తమలో ఉన్నాయనుకునేవాళ్ళు చేతులెత్తమన్నారు. ముందు వరస నుంచి వెనక గోడ దాకా చేతులు లేచాయి. నాకేమో నవ్వొచ్చి, కొంగు నోటికడ్డం పెట్టుకుని దగ్గినట్టు నటించాల్సి వచ్చింది. మా చిన్నమ్మ గుర్తొచ్చింది మరి. ఆవిడే ఉంటే ఆ చేతుల్లో సగం దింపించి ఉండేది.

హైస్కూలు చదువు కోసం నేను ఇందుకూరుపేట దగ్గర మా అవ్వ ఇంట్లో ఉన్న రోజులవి. మా నాన్న తమ్ముడు, అంటే మా చిన్నాయన, ఆయన భార్య చిన్నమ్మ, వాళ్ళ చంటిపిల్ల, అందరం ఆ ఇంట్లోనే. తాతల నాటి నుంచీ మాది క్రైస్తవ కుటుంబమే గానీ, చిన్నాయన దృష్టిలో గుడి అంటే క్రిస్మస్‌కు కొత్త చొక్కా వేసుకుని వెళ్ళే చోటు, అంతే. పొలాల మోటార్లు బాగుచేసేవాడు. తుప్పు పట్టిన మరను గంటసేపైనా బుజ్జగించి ఊడదీసే మనిషి, అన్నం ముందు కూర్చుంటే మాత్రం వేరే మనిషైపోయేవాడు. పులుసులో ఉప్పు తగ్గినా, అన్నం పలుకైనా, కంచం ఎగిరి గోడకు తగిలేది. మా ఇంట్లో సొట్టలేని కంచం ఉండేది కాదు, చుట్టాలొస్తే అవ్వ పక్కింటికి పోయి కంచాలు అడిగి తెచ్చేది. ఇప్పుడు నవ్వుతూ రాస్తున్నాను గానీ, అప్పట్లో భోజనాల వేళ నేను ఆ గోడకు దూరంగా జరిగి కూర్చునేదాన్ని. ఒకరోజు కంచం చంటిపిల్ల చెవి పక్కనుంచి పోయింది. ఆ సాయంత్రమే చిన్నమ్మ బిడ్డనెత్తుకుని సంగం అనే ఊళ్ళో పుట్టింటికి వెళ్ళిపోయింది.

ఇల్లు బోసిపోయాక చిన్నాయనకు దిగులు పట్టుకుంది. ప్రార్థన కూటాలకు వెళ్ళడం మొదలుపెట్టాడు, అక్కడ అందరి ముందూ ఏడ్చాడు, చివరికి మైపాడు సముద్రంలో బాప్తిస్మం తీసుకున్నాడు. సరిగ్గా ముంచే సమయానికి పెద్ద అల వచ్చి మా పెద్ద పాస్టరుగారి కాళ్ళు తేలిపోతే, మునగవలసిన చిన్నాయనే ఆయన్ని నడుం పట్టి నిలబెట్టాడు. ఎవరు ఎవరికి బాప్తిస్మమిచ్చారో తెలియలేదని అవ్వ ఎన్నాళ్ళో చెప్పుకుని నవ్వింది. ఆ తరవాత అవ్వా, పాస్టరుగారూ సంగం వెళ్ళి, అబ్బాయి రక్షణ పొందాడమ్మా అని నచ్చజెప్పి చిన్నమ్మను తీసుకొచ్చారు. ఆవిడ ఊరికే రాలేదు. మళ్ళీ కంచం లేచిందంటే బిడ్డతో వెళ్ళిపోతాననీ, ఇక పిలవడానికి ఎవరూ రాకూడదనీ చెప్పి మరీ వచ్చింది.

ఆవిడ వచ్చేసరికి చిన్నాయన తెల్ల లుంగీ, తెల్ల చొక్కాల్లోకి దిగిపోయాడు. బీడీలు మానేశాడు, రేడియో కట్టేశాడు, నా జడలో పూలు తీయించాడు, తెల్లవారకుండానే అందరినీ లేపి పాటలు పాడించాడు. ఇంట్లో ఆయన తప్ప మేమందరం మారిపోయామని చిన్నమ్మ నాతో మెల్లగా అనేది.

అన్నిటికంటే ముచ్చట ఆయన చెప్పే సాక్ష్యం. ప్రతి ఆదివారం లేచి, తానెంత పాపిగా ఉండేవాడో, కంచాలు ఎలా విసిరేవాడో, చెయ్యి తిప్పి చూపించి మరీ చెప్పేవాడు. వారం వారం ఆ కంచం ఇంకొంచెం దూరం వెళ్ళేది. జనం హల్లెలూయా అనేవాళ్ళు. ఆడవాళ్ళ చాప మీద నా పక్కన కూర్చున్న చిన్నమ్మ మాత్రం తలవంచుకుని చాప పుల్లలు గిల్లుతూ ఉండేది. ఆ కంచంలో అన్నం వడ్డించింది తనేనని అక్కడ ఎవరికీ గుర్తున్నట్టు లేదు. నాకు ఆవిడను చూస్తే జాలేసేది.

నాట్ల రోజులు వచ్చాయి. ఊళ్ళో మోటార్లన్నీ ఒక్కసారే చెడిపోయినట్టు చిన్నాయనకు ఊపిరాడని పని. ఒక మధ్యాహ్నం పొద్దు వాలాక ఇంటికొచ్చి, ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. పులుసులో ఉప్పు లేదు. చిన్నమ్మ నిజంగానే మరిచిపోయింది. మేము కళ్ళు మూసి తెరిచేలోగా కంచం గోడకు తగిలి, అన్నమంతా నేల పాలైంది.

చిన్నమ్మ గదిలోకి పోయి సంచిలో చీరలు సర్దడం మొదలుపెట్టింది. అవ్వ ఏడుస్తూ గుమ్మం పట్టుకుని నిలబడింది, ఆపే మొహం లేదు పాపం. నేను చంటిపిల్లను ఎత్తుకుని, ఇది మళ్ళీ ఎప్పుడు కనిపిస్తుందో అనుకుంటూ ఉండగా, వెనక చీపురు చప్పుడైంది. చూద్దును కదా, ఆ ఇంట్లో ఏ మగవాడూ ముట్టని చీపురు పట్టుకుని చిన్నాయన మెతుకులు ఊడుస్తున్నాడు. ఊడవడం చేతకాక పులుసంతా ఇల్లంతా పులిమాడు. ఆ చేతులతోనే గది ముందుకొచ్చి నిలబడ్డాడు.

"ఊరందరికీ చెప్పినా. నీకు చెప్పలా," అన్నాడు. "తప్పు నాది. ఆనాడు బిడ్డకు తగిలుంటే ఏమయ్యేదో అని అప్పటి నుంచీ భయంగానే ఉండాది. పోతానంటే బస్సు దాకా సంచి నేనే మోస్తా. వెనక్కి రమ్మని అడగను."

చిన్నమ్మ ఆ పులుసు చేతుల వంక చూసింది. ఆదివారం దాకా చూస్తానని, సంచి విప్పకుండానే మంచం కిందికి తోసింది.

ఆ ఆదివారం చిన్నాయన సాక్ష్యానికి లేవగానే జనం హల్లెలూయాకు సిద్ధమయ్యారు. ఆయన, ఈ వారం కూడా కంచం విసిరినానని ఒక్క ముక్క చెప్పి కూర్చున్నాడు. పాస్టరుగారికి ఏ పాట ఎత్తుకోవాలో తెలియలేదు. అప్పుడు, అంతవరకూ మందిరంలో ఏనాడూ నోరు విప్పని చిన్నమ్మ చాప మీంచి లేచింది.

"ఈయన మారతా ఉండాడయ్యా," అంది. "ఇంకా అయిపోలా. నేను ఉండి చూస్తా."

ముందు అవ్వ నవ్వింది, తరవాత మందిరమంతా నవ్వింది, చిన్నాయన కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. ఇంటికి రాగానే చిన్నమ్మ సంచి విప్పింది.

కోపం ఆయన్ని పూర్తిగా వదల్లేదు గానీ, వచ్చినప్పుడల్లా లేచి పెరట్లోకి వెళ్ళిపోయేవాడు, చల్లారాక వచ్చి, తప్పు తనదైతే ఆ మాట చిన్నమ్మకే చెప్పేవాడు. తరవాత సంఘపెద్ద కూడా అయ్యాడు. ఎవరైనా ఉత్సాహంగా సాక్ష్యం చెబుతామని వస్తే, మందిరం వాకిట్లోనే ఆపి, ముందు ఇంట్లోవాళ్ళకు చెప్పినావా అని అడిగేవాడు. కొందరు తల గోక్కుంటూ ఇంటిదారి పట్టి పై వారం వచ్చేవాళ్ళు, కొందరు చాన్నాళ్ళు కనిపించేవాళ్ళు కాదు.

ఇద్దరూ ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయి చాలాకాలమైంది. ఇప్పుడు మందిరంలో చాపలు లేవు, కుర్చీలొచ్చాయి, పెద్ద మైకులొచ్చాయి. సాక్ష్యాలు ఫోన్లలో ఊళ్ళు దాటి పోతున్నాయి, వినడానికి చక్కగానే ఉంటున్నాయి. వాకిట్లో ఆపి ఆ ఒక్క మాట అడిగే మనిషే లేడు. అందుకే పోయిన నెల సాక్ష్యానికి నా వంతు వచ్చినప్పుడు నేనూ, ఇంట్లోవాళ్ళకు చెప్పకుండానే, ఎక్కడా తడబడకుండా చెప్పేసి, చప్పట్ల మధ్య వచ్చి కూర్చున్నాను.